హోమ్స్ గోల్‌కీపరు – ఒక అంతర్యుద్ధపు తొలి పుటలు



సిరియా దర్శకుడు తలాల్ దెర్కి 2013లో 'రిటర్న్ టు హోమ్స్' అనే డాక్యుమెంటరీ తీశాడు. ఆ ఏడు ఆమ్‌స్టర్‌డామ్ అంతర్జాతీయ డాక్యుమెంటరీ చిత్రోత్సవం ఈ చిత్రంతోనే ప్రారంభమయింది. 2014 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ ఉత్సవంలో విదేశీ డాక్యుమెంటరీలకిచ్చే అగ్ర బహుమతి దీనికి దక్కింది. గంటన్నర నిడివి గల ఈ చిత్రంలో ప్రధాన పాత్రలు రెండు. ఒకరు అబ్దుల్ బాసెత్ అల్ సారూత్: పందొమ్మిదేళ్ల వాడు, ఫుట్‌బాల్ గోల్‌కీపరు. రెండవవాడు ఉసామా: ఇరవైనాలుగేళ్ల వాడు, చిన్న కెమెరా తప్ప వేరే ఆయుధం పట్టనివాడు. చిత్రం మొదట్లో ఒకడు పాడుతుంటాడు, రెండవవాడు ఆ పాటను చిత్రిస్తుంటాడు. చిత్రం ముగిసేనాటికి పాడినవాని చేతిలో తుపాకి ఉంటుంది. చిత్రించినవాడు ప్రభుత్వ భటుల చేతికి చిక్కి కనబడకుండా పోయి ఉంటాడు.

చిత్ర సమీక్ష నా ఉద్దేశం కాదు. కథనం, ఛాయాగ్రహణం, సంగీతం వంటి విషయాలు చెప్పగల సమర్థులు మీలో చాలామంది ఉన్నారు. జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పినవాడిని గనుక నన్ను వేధించిన ప్రశ్న వేరు. ఒక అంతర్యుద్ధం ఎప్పుడు మొదలయిందని అడిగితే చరిత్ర పుస్తకాలు ఏదో ఒక తేదీ చెబుతాయి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంస్థ సిరియాలో జరుగుతున్నది అంతర్యుద్ధమేనని నిర్ధారించినది 2012 జులైలో. అక్కడి వీధుల్లో తొలి ప్రదర్శనలు జరిగినది 2011 మార్చిలో. నడుమ పదహారు నెలలు. ఆ పదహారు నెలల్లో పందొమ్మిదేళ్ల పిల్లవాడొకడు పాటనుండి తుపాకికి ఎట్లా నడిచాడు? ఎవరు నడిపించారు? మరొక దారి లేకపోయిందా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకటమే ఈ వ్యాసం. నిడివి కాస్త ఎక్కువ, ఓపికతో చదవగోరుతాను.

ముందుగా ఆ ఊరి సంగతి చెప్పాలి.

హోమ్స్ సిరియాలో మూడవ పెద్ద నగరం. దమాస్కస్‌కూ అలెప్పోకూ నడుమ, మధ్యధరా తీరానికి పోయే దారి చీలే చోట ఉన్నది. రోమనుల కాలంలో దీని పేరు ఎమెసా. రోము చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ భార్య జూలియా డోమ్నా ఈ ఊరి ఆడపడుచే. అరబ్బు సేనాని ఖాలిద్ ఇబ్న్ అల్ వలీద్ పేరిట వెలసిన మసీదు ఇక్కడి ఖాలిదియా పేటలో ఉన్నది. ఊరి పక్కన పారే ఒరాంటెస్ నదిని అరబ్బీలో 'అల్ ఆసీ' అంటారు. మాట వినని నది, తిరుగుబాటు నది అని అర్థం. చుట్టుపక్కల నదులకు భిన్నంగా అది ఉత్తరానికి పారుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. సున్నీలు, అలవీలు, క్రైస్తవులు పక్కపక్క పేటల్లో బ్రతికిన ఊరది. మనకు పరమానందయ్య శిష్యుల కథలెట్లాంటివో సిరియనులకు హోమ్స్ వాళ్ల మీది హాస్యకథలు అట్లాంటివి. దేశమంతా నవ్వుకొనే అమాయకపు ఊరుగా దానికి పేరు.

ఆ ఊరికి మరొక గర్వకారణం ఫుట్‌బాల్. అక్కడి క్లబ్బు పేరు 'అల్ కరామా'. 1928లో పుట్టిన ఆ క్లబ్బు 2006లో ఆసియా ఛాంపియన్ల పోటీలో తుదిపోరు దాకా వెళ్లి, దక్షిణ కొరియా జట్టు చేతిలో మొత్తం మీద 3–2 తేడాతో ఓడింది. కరామా అంటే ఆత్మగౌరవం. 2011 మార్చి 18వ తేదీ శుక్రవారాన్ని సిరియా ఉద్యమకారులు 'ఆత్మగౌరవ శుక్రవారం' అని పిలిచారు. వాడినది ఆ కరామా అన్న మాటనే. బాసెత్ ఆ క్లబ్బు గోల్‌కీపరు. దేశపు యువజన జట్టుకు కూడా ఆడాడు. బయాదా అనే పేదపేటలో పుట్టి పెరిగినవాడు. ఏ విశ్వవిద్యాలయమూ, ఏ పార్టీ పాఠశాలా అతనికి రాజకీయం నేర్పలేదు.

ఇక ఆనాటి ప్రభుత్వం సంగతి. బాత్ పార్టీ 1963లో అధికారానికి వచ్చిన నాటినుండి సిరియాలో అత్యవసర పరిస్థితి అమలులో ఉన్నది. 1970లో హాఫిజ్ అల్ అసద్ గద్దెనెక్కాడు. 1982 ఫిబ్రవరిలో హమా నగరంలో ముస్లిం బ్రదర్‌హుడ్ తిరుగుబాటును అణచటానికి సైన్యం ఊరిని ఫిరంగులతో కొట్టింది; చనిపోయినవారు పదివేలనీ, నలభై వేలనీ అంచనాలు రకరకాలుగా ఉన్నాయి. హమా హోమ్స్‌కు ఉత్తరాన, అదే ఆసీ నది ఒడ్డున ఉన్న ఊరు. ఆ తరువాత ముప్పై ఏళ్లపాటు హమా మాట ఎత్తటానికి కూడా జనం జంకారు. 2000లో హాఫిజ్ మరణించగా కుమారుడు బషర్ అధికారానికి వచ్చాడు. గూఢచారి శాఖలను అక్కడ 'ముఖాబరాత్' అంటారు. గోడలకు చెవులుంటాయన్న మన సామెత ఆ దేశంలో సామెత కాదు, దినచర్య.

2011 మార్చిలో దక్షిణాన దరా అనే పట్టణంలో బడిపిల్లలు కొందరు ట్యునీసియా, ఈజిప్టు ఉద్యమాల నినాదాలను గోడమీద రాశారు. పోలీసులు వాళ్లను పట్టుకుపోయి హింసించారు. తల్లిదండ్రులు వీధికెక్కారు, తుపాకులు పేలాయి. ఒక తరగతి గది పిల్లల అల్లరికి ఏ హెడ్మాస్టరో గోడకు సున్నం కొట్టించి, చెవి మెలిపెట్టి పంపవలసిన విషయం దేశాన్ని అంటుకున్నది. అత్యవసర పరిస్థితిని ఏప్రిల్ 21న ప్రభుత్వం రద్దుచేసింది. కాల్పులు మాత్రం ఆగలేదు.

హోమ్స్‌లో కథ మరి కాస్త వేగంగా నడిచింది. ఏప్రిల్ 18న, అంతకుముందు రోజు కాల్పుల్లో చనిపోయినవారి అంత్యక్రియలు ముగించుకొని, వేలాది జనం గడియారస్తంభం కూడలిలో బైఠాయించారు. గుడారాలు వేశారు, అన్నం పంచుకున్నారు. అర్ధరాత్రి దాటాక భద్రతాదళాలు కాల్పులు జరిపి కూడలిని ఖాళీ చేయించాయి. ఆ రాత్రి ఎందరు మరణించారన్న దానిపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఒక్క విషయంలో మాత్రం ఊరంతా ఏకాభిప్రాయమే: ఆ కూడలికి మళ్లీ వెళ్లనివ్వరని. నాటినుండి ప్రదర్శనలు పెద్ద కూడలిని వదలి పేటల సందుల్లోకి చేరాయి. చావుకొక ఊరేగింపు, ఊరేగింపుకొక చావు. ఈ వలయం ఆ వేసవి అంతా తిరిగింది.

బాసెత్ పాడినది ఆ సందుల్లోనే. మిత్రుల భుజాల మీద కూర్చొని, ఒక చేత్తో మైకు పట్టుకొని, వేలాది జనం చేత వంత పాడించేవాడు. అతని గొంతు శిక్షితమైన గొంతు కాదు, కాస్త బొంగురు. కాని జానపద గాయకునికుండే పట్టు ఉన్నది. పెళ్లిళ్లలో పాడుకొనే బాణీలకు కొత్త మాటలు కట్టేవాడు. 'జన్నా జన్నా' అనే పాట అతని గొంతులో దేశమంతా పాకింది. మాతృభూమిని స్వర్గమని చెప్పే పాట అది. కన్నతల్లినీ జన్మభూమినీ స్వర్గం కన్న మిన్నగా చెప్పుకొనే సంప్రదాయం గల మనకు ఆ భావం విదేశీ అనిపించదు.

ఆ ఏడు అతని పక్కన నిలబడి నినాదమిచ్చిన ఒక స్త్రీ గురించి చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది. ఆమె ఫద్వా సులేమాన్, నాటకరంగ నటి, అలవీ కుటుంబంలో పుట్టింది. పాలకులది కూడా అలవీ శాఖే. ఇది సున్నీల తిరుగుబాటు, వాళ్లు గెలిస్తే అలవీలను బ్రతకనీయరు అని ప్రభుత్వం ప్రచారం చేస్తున్న రోజులవి. ఆ ప్రచారానికి జవాబుగా ఆమె హోమ్స్ వచ్చి, సున్నీపేటలో ప్రజల మధ్య, ఆ గోల్‌కీపరు పక్కన నిలబడింది. జుట్టు కత్తిరించుకొని, ఇల్లు మారుతూ, దాగుతూ తిరిగింది. ఆ వేదికమీద ఆ ఇద్దరినీ చూపే దృశ్యాలు మిగిలి ఉన్నాయి. చరిత్ర ఆ క్షణంలో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆమె 2012లో దేశం విడిచి ఫ్రాన్సు చేరింది. ఉద్యమం ఆయుధాల వైపు మళ్లటాన్ని బహిరంగంగా విచారించింది. 2017 ఆగస్టులో పారిస్‌లో క్యాన్సరుతో మరణించింది.

ఉద్యమం ఆయుధాల వైపు ఎందుకు మళ్లింది? దీనికి ఒక్క కారణం చెప్పేవారిని నమ్మకూడదు. సైనికులే కొందరు జనం మీద కాల్చలేక పారిపోయి వచ్చారు. 2011 జులై 29న 'స్వేచ్ఛా సిరియా సైన్యం' ప్రకటన వెలువడింది. మొదట వాళ్ల పని ఊరేగింపులకు కాపలా కాయటమే. కాపలాకు తూటాలు కావాలి, తూటాలకు డబ్బు కావాలి. డబ్బు ఇచ్చే పరదేశపు చేతులు తమ షరతులు కూడా తెచ్చాయి. 2012 ఫిబ్రవరిలో హోమ్స్‌లోని బాబా అమ్ర్ పేట మీద నెలరోజులపాటు ఫిరంగులు పేలాయి. ఫిబ్రవరి 22న పత్రికా రచయిత్రి మేరీ కొల్విన్, ఫోటోగ్రాఫరు రెమీ ఓష్లిక్ అక్కడే చనిపోయారు. మార్చి 1న తిరుగుబాటుదారులు ఆ పేట వదలి వెనక్కు తగ్గారు. డాక్యుమెంటరీలో బాసెత్ తుపాకి పట్టటం ఈ సంఘటనల నీడలోనే జరుగుతుంది. అతడు ఏదో సభలో ప్రతిజ్ఞ చేసి పట్టలేదు. ఒక దృశ్యంలో లేదు, తరువాతి దృశ్యంలో ఉంది. అంతే. ఆ మార్పును వివరించే వాక్యం చిత్రంలో లేకపోవటమే నాకు సత్యంగా తోచింది. జీవితంలో అది అట్లాగే జరిగి ఉంటుంది.

రాయబారాలు నడవలేదా అంటే, నడిచాయి. 2011 డిసెంబరులో అరబ్ లీగ్ పరిశీలకులు హోమ్స్ వచ్చి చూశారు. 2012 ఏప్రిల్ 12న కోఫీ అన్నన్ పథకం ప్రకారం కాల్పుల విరమణ మొదలయింది. మే 25న హోమ్స్ జిల్లాలోని హూలాలో 108 మంది హతులయ్యారు. వారిలో అనేకులు పసిపిల్లలు. ఆగస్టులో అన్నన్ తన బాధ్యతనుండి తప్పుకుంటున్నట్లు ప్రకటించాడు.

ఇక్కడ పల్నాటి కథ గుర్తుకు రాని తెలుగువాడుండడు. పన్నెండవ శతాబ్దపు ఆ దాయాదుల పోరులో అలరాజు రాయబారం వెళ్లి, తిరిగి రాలేదు. రాయబారి చావుతో ఇక కారెంపూడి రణరంగమే మిగిలింది. బొంగరాలాడుకొంటున్న బాలచంద్రునికి యుద్ధం సంగతి ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆడిన బొంగరం ఒక పడుచు కాలికి తగిలి, ఆమె ఎత్తిపొడుపు మాటతో అతనికి విషయం తెలిసింది. అక్కడ బొంగరం, ఇక్కడ బంతి. ఆటస్థలం నుండి రణస్థలానికి ఒక పిల్లవాడు నడిచిన దూరం రెండు చోట్లా ఒకటే.

పోలికను అంతకన్నా సాగదీయను, ఎందుకంటే మన కథలోనే దానికి ఎదురుగా నిలిచే మరొక విషయం ఉన్నది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడు; అన్ని కులాలవారినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టాడు; కన్నమదాసును కొడుకుగా చేసుకున్నాడు. కారెంపూడిలో ఏటా కార్తికంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి, వీరవిద్యావంతులు కథ పాడతారు. అయినా మనలో చాలామందికి బాలచంద్రుని కత్తి గుర్తున్నంతగా చాపకూడు గుర్తుండదు. వీరగాథ స్వభావమే అంత. అది కత్తిని దాచిపెట్టుకొని కూటిపంక్తిని మరచిపోతుంది. హోమ్స్ కథలో చాపకూడు ఏదంటే, గడియారస్తంభం కూడలిలో పంచుకొన్న అన్నం, ఆ అలవీ నటి ఆ సున్నీ గోల్‌కీపరు పక్కన నిలబడిన వేదిక. దెర్కి చిత్రాన్ని చూసేవారు తుపాకులు పేలే రెండవ సగాన్ని కాక, పాటలున్న మొదటి సగాన్ని మళ్లీ చూడాలని నా మనవి.

'మరొక దారి లేకపోయిందా' అన్న ప్రశ్నకు జవాబు హోమ్స్‌లో కాక, దమాస్కస్ పొలిమేరలోని దారయా అనే పట్టణంలో దొరుకుతుంది. (పైన చెప్పిన దరా వేరు, ఈ దారయా వేరు.) సిరియాలో జౌదత్ సయీద్ అనే ఇస్లామిక పండితుడుండేవాడు. 1931లో పుట్టి 2022 జనవరిలో కన్నుమూశాడు. ఆదాము ఇద్దరు కొడుకుల కథలో, తనను చంపవచ్చిన అన్నమీద చెయ్యెత్తనన్న తమ్ముని మాటే ధర్మమని వాదిస్తూ 1960లలోనే ఆయన ఒక పుస్తకం రాశాడు. ఆ బోధ విన్న దారయా యువకులు 2003లోనే తమ వీధులు తామే ఊడ్చారు, లంచాలకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. వీధులు ఊడ్చినందుకు అరెస్టయ్యారు! అనుమతి లేకుండా నలుగురు కలసి చీపురు పట్టినా అక్కడ అది రాజద్రోహమే.

2011లో ఆ పట్టణంలోనే గియాత్ మతర్ అనే యువకుడు, దర్జీ, తమమీద తుపాకులెక్కుపెట్టిన సైనికులకు గులాబీలు, మంచినీళ్ల సీసాలు ఇచ్చే పద్ధతి నడిపాడు. అందుకే అతనికి 'చిన్న గాంధీ' అన్న పేరు నిలిచింది. ఆ పేరుతోనే 2016లో సామ్ కాదీ డాక్యుమెంటరీ తీశాడు. 2011 సెప్టెంబరు 6న మతర్‌నూ, అతని సహచరుడు యహ్యా షుర్బజీనీ ముఖాబరాత్ పట్టుకున్నది. నాలుగు రోజులకు మతర్ శవం ఇంటికి వచ్చింది. అప్పటికి అతని భార్య గర్భవతి. పరామర్శకు అమెరికాతో సహా పలు దేశాల రాయబారులు వెళ్లారు. షుర్బజీ 2013 జనవరిలోనే నిర్బంధంలో మరణించాడన్న సంగతి కుటుంబానికి 2018లో గాని తెలియలేదు.

అహింస ఓడింది కాబట్టి తుపాకి పట్టక తప్పలేదని కొందరంటారు. నాకు ఆ తర్కం పూర్తిగా మింగుడుపడదు. తుపాకి గెలిచిందా? దారయాలో కూడా తరువాత తుపాకులు వచ్చాయి. 2012 చివరినుండి ముట్టడి నడిచింది. కూలిన ఇళ్ల శిథిలాల్లోనుండి యువకులు వేలాది పుస్తకాలు ఏరి తెచ్చి, నేలమాళిగలో గ్రంథాలయం నడిపారు. 2016 ఆగస్టు చివర ఊరంతా ఖాళీ అయింది. గులాబీ ఇచ్చినవాడినీ చంపారు, తుపాకి పట్టినవాడినీ చంపారు. అట్లాగని రెండూ ఒకటే అనరాదు. గులాబీ ఇచ్చినవాని మరణానికి సాక్ష్యం చెప్పటానికి ఎవరూ నీళ్లు నమలవలసిన అవసరం లేదు. రెండవవానికి ఆ సౌకర్యం లేదు. ఈ మాట అతణ్ణి నిందించటానికి కాదు. అతడు కోల్పోయినవాటిలో అది కూడా ఒకటని చెప్పటానికి.

ఇక కెమెరా పట్టినవారి మాట. ప్రభుత్వం విదేశీ విలేఖరులను దాదాపుగా రానివ్వని దేశంలో చరిత్ర రాసే పని ఉసామా వంటి కుర్రవాళ్ల మీద పడింది. వారికి మెళకువలు నేర్పటానికి హోమ్స్ వచ్చిన ఒక యువకుని పేరు బాసెల్ షహాదా. క్రైస్తవ కుటుంబంవాడు, 1984లో పుట్టాడు. అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో ఫుల్‌బ్రైట్ వేతనంతో చలనచిత్ర విద్య చదువుతూ, ఆ చదువు ఆపి స్వదేశానికి తిరిగి వచ్చాడు. 2012 మే 28న హోమ్స్‌లో మరణించాడు. ఈ 'రిటర్న్ టు హోమ్స్' చిత్ర నిర్మాత ఓర్వా నిరాబియా కూడా 2012 ఆగస్టులో దమాస్కస్ విమానాశ్రయంలో అరెస్టయి, దాదాపు మూడు వారాల తరువాత బయటపడ్డాడు. ఒక గంటన్నర చిత్రం మన ముందుకు రావటానికి ఎందరు ఏమేమి చెల్లించారో లెక్క కట్టటం కష్టం.

చిత్రంలో నేను మరువలేని దృశ్యం యుద్ధదృశ్యం కాదు. వీధిలో నడిస్తే దూరపు తుపాకికి గురి అవుతారు కనుక, ఇంటినుండి ఇంటికి గోడలకు కన్నాలు పొడిచి, ఆ కన్నాల్లోంచి నడుస్తారు. కెమెరా వాళ్ల వెంటే పోతుంది. ఒకరి పడకగది, ఒకరి వంటిల్లు, పిల్లల బొమ్మలు, గోడమీద పెళ్లి ఫోటో, మళ్లీ కన్నం. మనుషుల్లేరు. అంతర్యుద్ధమంటే ఏమిటో చెప్పటానికి ఇంతకన్న నిఘంటువు అక్కరలేదు. గోడలు పడగొట్టి ఇళ్లన్నిటినీ ఒకే దారిగా మార్చటం, ఆ దారిలో ఏ ఒక్క ఇల్లూ మిగలకపోవటం.

పాత హోమ్స్ ముట్టడి రెండేళ్లు సాగింది. జనం గడ్డి, ఆకులు వండుకు తినే స్థితి వచ్చింది. ఆ ముట్టడిలోపల ఫ్రాన్స్ వాన్ డెర్ లుహ్ట్ అనే డచ్చి జెస్యూట్ మతగురువు ఉన్నాడు. దశాబ్దాలుగా సిరియానే స్వదేశంగా చేసుకొన్నవాడు. బయటికి వెళ్లే వీలున్నా, మిగిలిన కొద్దిమంది క్రైస్తవులనూ ముస్లిములనూ విడిచి రానన్నాడు. 2014 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వంతో దాదాపు 1,400 మంది పౌరులు బయటపడ్డారు. ఆయన మాత్రం రాలేదు. ఏప్రిల్ 7న ముసుగు వేసుకొన్నవాడొకడు ఆయనను మఠం తోటలో కాల్చి చంపాడు. అప్పటికి ఆయన వయసు డెబ్బై అయిదు. ఈ హత్య జరిగినది తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న పేటలో. దీనిని కూడా హోమ్స్ చరిత్రలో రాయాలి, చిన్న అక్షరాల్లో కాదు.

2014 మే నెలలో ఒప్పందం ప్రకారం మిగిలిన పోరాటగాళ్లు ఆకుపచ్చ బస్సులెక్కి ఊరు వదిలారు. వారిలో బాసెత్ ఒకడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. ఆ ఏడు జనవరిలోనే ముట్టడిని ఛేదించి, పిండిమరల నుండి తిండి తేబోయిన అతని సహచరులు పదుల సంఖ్యలో చనిపోయారు. యుద్ధం ముగిసేలోగా తండ్రీ, నలుగురు సోదరులూ పోయారు.

ఆ తరువాతి అధ్యాయం అతని అభిమానులకు ఇష్టం లేనిది. ముట్టడినుండి బయటపడిన రోజుల్లో అతడు ఐసిస్ వైపు మొగ్గాడన్న వార్తలు వచ్చాయి. తాను అందులో చేరలేదని తరువాత చెప్పుకొన్నాడు. ఒకనాడు అన్ని మతాల ఐక్యతను పాడిన గొంతులో వర్గద్వేషం కూడా వినిపించిందన్న విమర్శ ఉన్నది. కొంతకాలం టర్కీలో ఉండి, మళ్లీ సిరియాకు వచ్చి, జైష్ అల్ ఇజ్జా అనే దళంలో చేరాడు. మళ్లీ ప్రదర్శనల్లో పాడాడు. 2019 జూన్ 8న హమా ఉత్తరాన జరిగిన పోరులో తగిలిన గాయాలతో చనిపోయాడు. వయసు ఇరవై ఏడు. ఇడ్లిబ్ ప్రాంతంలో జరిగిన అంత్యక్రియలకు వేలమంది వచ్చారు. 'విప్లవపు గోల్‌కీపరు' అని ఒకరు, 'ఉగ్రవాది' అని మరొకరు రాశారు.

ఏది నిజం? బడిలో పిల్లలు ఇట్లాంటి ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు కోరేవారు. ఇక్కడ ఒక్కమాట చాలదని నా అభిప్రాయం. పాడినవాడూ అతడే, దారితప్పినవాడూ అతడే. రెండవదాన్ని దాచి మొదటిదాన్ని చూపేవారు వీరగాథ రాస్తున్నారు. మొదటిదాన్ని దాచి రెండవదాన్ని చూపేవారు పోలీసు రిపోర్టు రాస్తున్నారు. చరిత్ర ఈ రెండూ కాదు. 2011లో పాటకు జవాబుగా పాలకులు తూటా ఇవ్వకుండా ఉంటే అతడు ఈనాడు ముప్పై దాటిన, కాలు నొప్పెట్టే మాజీ ఆటగాడై, ఏ పిల్లల జట్టుకో శిక్షణ ఇస్తూ ఉండేవాడు. నిజంగా పోయినది ఆ మామూలు జీవితం. సిరియాలో పదేళ్లలో, అంటే 2011 మార్చి నుండి 2021 మార్చి దాకా, 3,06,887 మంది పౌరులు మరణించారని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2022లో అంచనా వేసింది. సాయుధులు ఈ లెక్కలో లేరు. పోయినది అన్ని లక్షల మామూలు జీవితాలు.

తలాల్ దెర్కి ఆ తరువాత 2017లో 'ఆఫ్ ఫాదర్స్ అండ్ సన్స్' అనే మరొక డాక్యుమెంటరీ తీశాడు. జిహాదీ తండ్రి ఒకడు తన చిన్నపిల్లలను ఎట్లా యుద్ధానికి తయారుచేస్తున్నాడో అందులో చూపాడు. రెండు చిత్రాలనూ వరుసగా చూస్తే గుండె బరువెక్కుతుంది. మొదటి దానిలో యువకులు తమంతట తాము వీధికెక్కారు. రెండవ దానిలో పసివాళ్లకు ఆ ఎంపిక కూడా లేదు. నడుమ గడచినది నాలుగేళ్లే. అలెప్పోలో వాద్ అల్ కతీబ్ అనే విద్యార్థిని యుద్ధం నడుమనే పెళ్లాడి, బిడ్డను కని, ఆ బిడ్డకు సంజాయిషీగా 'ఫర్ సామా' (2019) అనే చిత్రం చేసింది. ఇది కూడా ఈ వరుసలో చూడదగినదే. మా తరం ఎందుకు ఉన్నచోటే ఉండిపోయిందో పెద్దయ్యాక నీవు తెలుసుకోవాలి అన్న తల్లి ఆరాటం ఆ చిత్రానికి ప్రాణం.

ఈ చిత్రాలు, వాటి వెనక ఉన్న లక్షలాది చిన్న చిన్న వీడియోలు భావి చరిత్రకారులకు శాసనాల వంటివి. రాజులు రాతిమీద చెక్కించినవి మన శాసనాలు. ఇవి ప్రజలు వెలుగుతో చెక్కినవి. రాయి కన్నా ఇవి బలహీనం. 2017లో యూట్యూబ్ సంస్థ ఉగ్రవాద ప్రచారాన్ని ఏరివేయటానికి పెట్టిన యంత్రం సిరియా వీడియోలను కూడా వేల సంఖ్యలో తొలగించింది. సాక్ష్యానికీ ప్రచారానికీ తేడా యంత్రానికి తెలియలేదు. అదృష్టవశాత్తు 2014 నుండి సిరియన్ ఆర్కైవ్ వంటి సంస్థలు ప్రతులు దాస్తూ వచ్చాయి. దాచిన సాక్ష్యం వ్యర్థం కాదు. నిర్బంధంలో మరణించినవారి ఫోటోలను 2013లో 'సీజర్' అనే మారుపేరుగల సైనిక ఫోటోగ్రాఫరు దేశం దాటించాడు. 2022 జనవరిలో జర్మనీలోని కోబ్లెంజ్ న్యాయస్థానం సిరియా గూఢచారి శాఖ మాజీ అధికారికి యావజ్జీవ శిక్ష విధించిన విచారణలో ఆ ఫోటోలు కూడా పరిశీలనకు వచ్చాయి.

2024 డిసెంబరు 7 రాత్రి తిరుగుబాటు సేనలు హోమ్స్ చేరాయి. మరునాడు బషర్ అల్ అసద్ దేశం విడిచి పారిపోయాడు. గడియారస్తంభం కూడలిలో పదమూడేళ్ల తరువాత మళ్లీ జనం చేరారు. ఆ గోల్‌కీపరు పాటలు మళ్లీ వినబడ్డాయి. అతడు లేడు. 'రిటర్న్ టు హోమ్స్' అన్న పేరుకు ఇన్నేళ్లకు అర్థం కుదిరింది. తిరిగి వచ్చినది గొంతు మాత్రమే.

ఈ వ్యాసాన్ని అక్కడ ముగిస్తే అది మళ్లీ వీరగాథే అవుతుంది. మూడు నెలలకే, 2025 మార్చిలో, సిరియా తీరప్రాంతంలో వందలాది అలవీ పౌరులు హతులయ్యారు. ఫద్వా సులేమాన్ ఏ భయాన్ని తుడిచివేయటానికి ఆ సున్నీపేట వేదిక ఎక్కిందో ఆ భయమే నిజమయింది. ఒక పాలకుడు పోయినంత మాత్రాన అంతర్యుద్ధం ముగియదు. చంపబడినవాని పొరుగువాడు ఇంకా భయపడుతున్నంతకాలం అది ఏదో ఒక గోడ వెనక నడుస్తూనే ఉంటుంది. హోమ్స్ ఇళ్ల గోడలకు పొడిచిన కన్నాలను తాపీపనివారు పూడుస్తారు. పేటకూ పేటకూ నడుమ మొలచిన గోడను పడగొట్టే పని పాడేవారిది, పంక్తిన కూర్చొని తినేవారిది.

ఈ చిత్రాన్ని మీలో చూసినవారుంటే మీ అభిప్రాయం తెలియజేయగలరు. చూడనివారు వీలు చూసుకొని చూడండి. పిల్లలతో కలసి చూసేటట్లయితే పక్కన కూర్చొని, వారడిగే ప్రశ్నలకు తొందరపడకుండా జవాబు చెప్పండి.